బండి మొండికేస్తే.. మీకే కాల్ రావాలి!

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో పది నిమిషాలు ఆపి వస్తే మొరాయిస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే మళ్లీ బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. ‘బ్యాటరీ పోయిందేమో’ అని ఒకరంటారు, ‘సెల్ఫ్ మోటార్ మార్చేయండి’ అని ఇంకొకరంటారు. వేలకు వేలు ఖర్చయ్యాక కూడా బండి అదే పాట పాడుతుంది. ఇలాంటి కారును చూసి, కొలిచి, ‘తప్పు ఇదిగో ఇక్కడ’ అని చూపించగలిగినవారికి ఆటోమొబైల్ రంగంలో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులూ, షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లూ ఈ నైపుణ్యాన్ని ఎలా పట్టుకోవాలో చూద్దాం.

పార్టులు మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు. తప్పు పట్టుకునేవాళ్లే తక్కువ. రిపేరు చేసే మనిషికి ఇది మామూలు తేడాగా అనిపించొచ్చు కానీ బండి ఓనర్‌కు చాలా పెద్ద తేడా. క్యాబ్ నడుపుకునే డ్రైవర్‌నే తీసుకోండి. బండి ఒక రోజు ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది. నెల వాయిదా మాత్రం ఆగదు. అతనికి అవసరం లేని బ్యాటరీ అంటగడితే డబ్బుతోపాటు మీ మీద నమ్మకమూ పోతుంది. ఒక్కసారి సరిగ్గా తప్పు చూపించారంటే, అదే డ్రైవర్ స్టాండులో ఉన్న మిగతా బండ్లను కూడా మీ దగ్గరికే పంపిస్తాడు. ఈ వృత్తిలో ప్రచారం అంటే అదే.

ముందు ప్రశ్నలు.. తర్వాతే పానా

ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పుకు సగం సమాధానం ఓనర్ దగ్గరే ఉంటుంది. బానెట్ ఎత్తేముందు ఇవి అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి.

- ఇబ్బంది పొద్దున చల్లటి ఇంజిన్‌తో వస్తోందా, బాగా తిరిగి ఆపిన తర్వాత వస్తోందా?
- కీ తిప్పితే ఏం వినిపిస్తోంది? ఏమీ లేదా, ‘టిక్’ మంటోందా, సెల్ఫ్ తిరుగుతూ ఇంజిన్ అందుకోవడం లేదా?
- అప్పుడు డ్యాష్‌బోర్డు లైట్లు మామూలుగా ఉన్నాయా, మసకబారాయా?
- ఎంతసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతోంది?
- ఈమధ్య మ్యూజిక్ సిస్టం, జీపీఎస్, డ్యాష్‌క్యామ్, అలారం వంటివి ఏమైనా బిగించారా?
- బండి నీళ్లలో మునిగిందా? చాలా రోజులు కదలకుండా నిలిపారా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచినప్పుడు ఎన్నో వాహనాలు నీటిలో ఉండిపోయాయి. అలా మునిగిన బండి అప్పటికి బాగై తిరిగినా, కనెక్టర్లలో చేరిన తడి నెలల తర్వాత పచ్చటి చిలుముగా మారి బయటపడుతుంది. కదలకుండా నిలిపిన కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం కూడా మామూలే.

మూడు రకాలుగా విడదీయండి

స్టార్ట్ కాకపోవడం అనేది ఒక్క జబ్బు కాదు. లక్షణాన్ని బట్టి మూడు దారుల్లో ఏది పట్టాలో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

మొదటిది: సెల్ఫ్ అసలు తిరగదు, లేదా నీరసంగా తిరుగుతుంది. ఇక్కడ చూడాల్సింది కరెంటు దారి. అంటే బ్యాటరీ, టెర్మినళ్లు, కేబుళ్లు, ఎర్త్, రిలే, ఇగ్నిషన్ స్విచ్, క్లచ్ స్విచ్, సెల్ఫ్ మోటార్. ఆటోమేటిక్ బండి అయితే గేర్ లివర్ దగ్గరుండే స్విచ్ కూడా.

రెండోది: సెల్ఫ్ జోరుగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఇక్కడ బ్యాటరీని తిట్టి లాభం లేదు. ఇంధనం, స్పార్కు, సెన్సర్ సిగ్నల్.. ఈ మూడింటిలో ఏది అందడం లేదో చూడాలి.

మూడోది: స్టార్ట్ అయి రెండు సెకన్లలో ఆగిపోతుంది. ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తుపట్టకపోయినా, ఇంధన ప్రెషర్ నిలవకపోయినా, థ్రాటిల్ బాడీలో మసి పేరుకున్నా ఇలా జరగొచ్చు. డ్యాష్‌బోర్డులో తాళం గుర్తు మెరుస్తోందేమో ముందు గమనించండి. రెండో తాళంతో ప్రయత్నించడం పైసా ఖర్చు లేని పరీక్ష.

బ్యాటరీ చెప్పే లెక్క

కారు బ్యాటరీని 12 వోల్టులని పిలుస్తాం కానీ అందులో 6 సెల్స్ ఉంటాయి. ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. అందుకే నిండా ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తుంది. కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చాక మల్టీమీటర్ పెట్టి చూడండి.

- 12.6 వోల్టులు: నిండుగా ఉంది
- 12.4: సుమారు ముప్పావు వంతు
- 12.2: దాదాపు సగం
- 12 కంటే తక్కువ: ముందు ఛార్జ్ చేయాలి, ఆ తర్వాతే తీర్పు

ఈ అంకె ఒక్కటే చూసి బ్యాటరీ మంచిదని చెప్పకూడదు. అసలు పరీక్ష సెల్ఫ్ కొట్టేటప్పుడు ఉంటుంది. ఆ సమయంలో బ్యాటరీ టెర్మినళ్ల మధ్య వోల్టేజీ 9.6 కంటే కిందకు పడిపోతే బ్యాటరీ నీరసించి ఉండొచ్చు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. అలా రాకపోతే మన షెడ్డుల్లో ‘డైనమో’ అని పిలిచే ఆల్టర్నేటర్ మీదా, దాని బెల్టు మీదా అనుమానం పడాలి. కొన్ని కొత్త కార్లలో ఛార్జింగ్‌ను కంప్యూటరే అవసరాన్ని బట్టి తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అలాంటి బండిలో కాసేపు తక్కువ చూపించినంత మాత్రాన ఆల్టర్నేటర్‌ను విప్పకూడదు.

బ్యాటరీకి చలి ఇబ్బంది పెడుతుందని పుస్తకాల్లో చదువుతాం. మన దగ్గర మాత్రం దాని ఆయుష్షు తినేసేది ఎండే. వేడికి లోపలి ప్లేట్లు త్వరగా అరిగిపోతాయి, నీళ్లు ఆవిరవుతాయి. నీళ్లు పోసే రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు పోయకూడదు.

ఎర్త్ దగ్గర దొరికే దొంగ

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏడేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. వేడెక్కాక ‘టిక్’ మని ఆగిపోతోంది. ఓనర్ ఇప్పటికే బ్యాటరీ మార్పించాడు, సెల్ఫ్ మోటార్‌ను బుష్‌లు వేయించి బాగు చేయించాడు. అయినా తప్పు పోలేదు. ఇప్పుడు మీరేం చేయాలి?

బండిని అరగంట తిప్పి వేడెక్కించండి. తప్పు కనిపించే స్థితిలోనే దాన్ని కొలవాలి, చల్లారాక కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసేయండి. ఇప్పుడు సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ స్టార్ట్ కాదు. మీరు నింపాదిగా కొలుచుకోవచ్చు. ఒకరు కీ తిప్పుతుండగా మూడు చోట్ల మీటరు పెట్టాలి.

- బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య: 11.2 వోల్టులు
- బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మోటార్ ప్లస్ బోల్టుకు: 0.3 వోల్టు
- బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ బ్లాకుకు: 2.5 వోల్టులు

మూడో అంకె చూడండి. అది 0.2 దగ్గర ఉండాలి. 11.2 లోంచి 0.3, 2.5 తీసేస్తే మోటార్‌కు మిగిలింది 8.4 వోల్టులే. బ్యాటరీ బాగుంది, మోటార్ బాగుంది. మధ్యలో ఎర్త్ కేబుల్ దగ్గర కరెంటు చిక్కుకుపోతోంది. దీన్నే వోల్టేజ్ డ్రాప్ పరీక్ష అంటారు.

‘కేబుల్‌ను మీటరుతో ఓమ్స్‌లో చూశాను, బాగానే ఉంది కదా’ అని చాలామంది అంటారు. లెక్క వేయండి. ఆ సమయంలో 125 ఆంపియర్లు ప్రవహిస్తున్నాయనుకుంటే 2.5 వోల్టులు పోవడానికి 0.02 ఓమ్ నిరోధం చాలు. మామూలు మల్టీమీటర్ అంత చిన్న విలువను నమ్మకంగా చూపించలేదు. ఇంటర్‌లో, ఐటీఐలో చదువుకున్న ఓమ్ నియమం పరీక్షల కోసమే అనుకుంటే పొరపాటు. షెడ్డులో ఓనర్ జేబు కాపాడేది ఆ చిన్న సూత్రమే.

రిపేరు సులువు. మైనస్ టెర్మినల్ తీసి, ఎర్త్ కేబుల్ బోల్టులు విప్పి, కింద ఉన్న తుప్పు, పెయింటు ఎమెరీ పేపరుతో గీకి మెరిసే లోహం తేలేలా శుభ్రం చేయండి. కేబుల్ పోగులు తెగి ఉంటే కొత్తది వేసి గట్టిగా బిగించండి. మళ్లీ కొలిస్తే ఎర్త్ దగ్గర 0.1 వోల్టే పోవాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి. రిపేరు తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ మునుపటి 11.2 కంటే తగ్గి 10.6 లాంటి అంకె చూపించొచ్చు. కంగారు పడక్కర్లేదు. అడ్డు తొలగింది కాబట్టి మోటార్ తనకు కావలసినంత కరెంటు లాక్కుంటోందని అర్థం.

రాత్రికి రాత్రి తాగేసే కరెంటు

రెండు మూడు రోజులు నిలిపితేనే స్టార్ట్ కావడం లేదంటే, బండి ఆపి ఉన్నప్పుడు ఏదో ఒకటి కరెంటు లాగుతోందన్నమాట. సాధారణంగా నిద్రలో ఉన్న కారు 50 మిల్లీఆంపియర్లకు మించి తీసుకోకూడదు. అర ఆంపియర్ లాగుతోందనుకోండి. రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు రోజులకే ఖాళీ అవుతుంది.

దీన్ని కొలవడానికి కారు లాక్ చేసి, కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారేదాకా అరగంటకు పైగా ఆగాలి. ఈ ఓపిక లేకే చాలామంది తప్పు అంకె చూస్తారు. మీటరును మైనస్ కేబుల్‌తో వరుసలో పెట్టినప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరులోని ఫ్యూజ్ కాలిపోతుంది. తర్వాత ఒక్కో ఫ్యూజ్ తీస్తూ ఏ సర్క్యూట్ దగ్గర కరెంటు పడిపోతుందో చూడాలి. బయట బిగించిన మ్యూజిక్ సిస్టం, జీపీఎస్, డిక్కీ లైటు.. దొంగ ఎక్కువగా ఇక్కడే దొరుకుతాడు.

సెల్ఫ్ తిరుగుతుంది.. ఇంజిన్ పలకదు

కీ ఆన్ చేయగానే చాలా పెట్రోల్ కార్లలో వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు ‘గుయ్’ మంటుంది. ఆ శబ్దం లేకపోతే ఫ్యూజ్, రిలే, పంపు దారి చూడండి. అదే రకం ఇంకో రిలేతో మార్చి చూడటం తేలికైన పరీక్ష. కీని రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి తర్వాత సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటోందా? అయితే బండి ఆపినప్పుడు పైపులో ప్రెషర్ నిలవడం లేదని అనుమానించాలి. గేజ్ పెట్టి నిర్ధారించుకోవాలి.

వేడెక్కాక ఆగి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సర్‌ను మరవద్దు. ఇంజిన్ ఎక్కడ తిరుగుతోందో కంప్యూటర్‌కు చెప్పేది ఇదే. ఇది పలకకపోతే చాలా బండ్లలో స్పార్కూ రాదు, ఇంధనమూ పడదు. స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా చూపిస్తే ఆ సెన్సర్, దాని వైరు, కనెక్టర్.. ఈ మూడూ చూడాలి. పీ0335 కోడ్ వచ్చినా వెంటనే సెన్సర్ కొనకండి. కోడ్ చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో మాత్రమే. వైరు తెగినా అదే కోడ్ వస్తుంది.

పొద్దున మాత్రమే మొరాయిస్తే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అంకె చూడండి. రాత్రంతా ఆగిన కారులో కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి దాదాపు సమానంగా ఉండాలి. చల్లటి ఇంజిన్ 90 డిగ్రీలని చెబుతోందంటే కంప్యూటర్ ఆ మాట నమ్మి తక్కువ పెట్రోల్ పంపుతుంది. డీజిల్ బండి అయితే గ్లో ప్లగ్గులు, వాటి రిలే చూడాలి. చాలా సీఎన్‌జీ కార్లు పెట్రోల్‌తో స్టార్ట్ అయి తర్వాత గ్యాస్‌కు మారతాయి. ట్యాంకులో నెలల తరబడి పాత పెట్రోల్ అడుగంటి ఉంటే స్టార్టింగ్ ఇబ్బంది తప్పదు.

ఇవి చేయొద్దు

- కోడ్స్ రాసుకోకుండా చెరిపేయడం. తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ స్థితి చెప్పే వివరాలు కూడా వాటితోపాటే పోతాయి.
- ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ‘డైనమో’ పరీక్షించడం. పాత అలవాటే కానీ కొత్త కార్ల కంప్యూటర్లు దెబ్బతింటాయి.
- బ్యాటరీ దగ్గర నిప్పు, సిగరెట్. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది, పేలే ప్రమాదముంది.
- టెర్మినల్ విప్పేటప్పుడు ప్లస్ ముందు తీయడం. ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర.
- జంపర్ కేబుల్ చివరి నల్ల క్లిప్పును డౌన్ అయిన బ్యాటరీకే తగిలించడం. దానికి దూరంగా ఇంజిన్ లోహానికి పెట్టాలి.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. వ్యవధి రెండేళ్లు. మెకానిక్ డీజిల్ ఏడాది కోర్సు. ఆటో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడులు కూడా ఉన్నాయి. అన్నీ అన్ని ఐటీఐల్లో ఉండవు కాబట్టి దరఖాస్తుకు ముందే సీట్ల జాబితా చూసుకోండి. తెలంగాణలో ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. చేరేముందు అక్కడి కోర్సులూ పరిశీలించండి.

పాలిసెట్ రాసి మూడేళ్ల ఆటోమొబైల్ ఇంజినీరింగ్ డిప్లొమా చేయొచ్చు. ఆ తర్వాత ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది. చదువుతోపాటు అప్రెంటిస్‌షిప్ తప్పనిసరిగా చేయండి. ఆర్టీసీ డిపోలు, కార్ల కంపెనీల సర్వీస్ సెంటర్లు ఐటీఐ అభ్యర్థులను అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. నోటిఫికేషన్ల కోసం అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ గుర్తింపుతో స్వల్పకాల కోర్సులూ నడుస్తున్నాయి.

చదువు మధ్యలో ఆగిపోయినవారికి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లు ఇప్పటికీ పెద్ద బడులే. మంచి ఎలక్ట్రీషియన్ మేస్త్రీ దగ్గర రెండేళ్లు చేయి తిరిగితే ఏ పుస్తకం చెప్పని సంగతులెన్నో తెలుస్తాయి. అయితే చేతి అనుభవానికి మీటరు, స్కానర్, వైరింగ్ డయాగ్రామ్ చదవడం తోడవ్వాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బండ్లలో సెన్సర్లు ఇంకా పెరిగాయి. చెవితో విని చెప్పే రోజులు పూర్తిగా పోలేదు కానీ, చెవి ఒక్కటే చాలదు.

అవకాశాలు ఎలా ఉన్నాయి?

డీలర్ల సర్వీస్ సెంటర్లలో టెక్నీషియన్‌గా మొదలై డయాగ్నస్టిక్ నిపుణుడిగా, సర్వీస్ అడ్వైజర్‌గా ఎదగొచ్చు. మల్టీ బ్రాండ్ గ్యారేజీలు, రోడ్డు మీద ఆగిన బండ్లకు సాయం అందించే సంస్థలు, క్యాబ్ ఫ్లీట్లు, లాజిస్టిక్స్ కంపెనీలు కూడా ఇలాంటివారి కోసం చూస్తాయి. గల్ఫ్‌లో ఆటో ఎలక్ట్రీషియన్లుగా పనిచేస్తున్న తెలుగువారు చాలామంది ఉన్నారు. అటు వెళ్లాలనుకుంటే ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంట్ల ద్వారానే వెళ్లండి.

ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఈ పని పోతుందా అన్న సందేహం సహజం. ఎలక్ట్రిక్ కారులో సెల్ఫ్ మోటార్ ఉండదు నిజమే. కానీ కంప్యూటర్లను మేల్కొలిపే 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా బండి కదలదు. ఎర్త్, ఫ్యూజ్, రిలే, వోల్టేజ్ డ్రాప్ లెక్కలు అక్కడా పనికొస్తాయి. నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్లను మాత్రం ప్రత్యేక శిక్షణ లేకుండా ముట్టుకోకూడదు.

మొదలుపెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక మంచి మల్టీమీటర్, టెస్ట్ ల్యాంప్, డీసీ కొలిచే క్లాంప్ మీటర్, చిన్న ఓబీడీ రీడర్, ఒక నోట్‌బుక్ చాలు. ఈ వారం నుంచే మీకు తెలిసినవారి కార్లు పది చూడండి. బాగున్న బండ్లే అయినా సరే. ఆగినప్పుడు, సెల్ఫ్ కొట్టేటప్పుడు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ ఎంతో, ఎర్త్ దగ్గర ఎంత పోతోందో రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న బండి ఎలా ఉంటుందో తెలిస్తేనే, జబ్బు చేసిన బండి మీ చేతికి వచ్చినప్పుడు తేడా కనిపిస్తుంది.